లారీ ముందు చక్రం బేరింగు ఇంటి దగ్గరే మార్చాలంటే ఏ సామాను కావాలి

మన గోదావరి డెల్టాలో లారీ ముందు చక్రం బేరింగు అరిగి పోయేది తక్కువండి, నీళ్లు తాగి పోయేదే ఎక్కువ. అంబాజీపేటలో కొబ్బరికాయ ఎత్తుకుని వెళ్లి, దింపి వచ్చిన బండిని ఆపీ ఆపగానే కాలవ రేవులోకి దింపి కడిగేస్తాం కదా, గొడవ అక్కడే మొదలవుతుంది. బ్రేకుల వేడికి హబ్బు, అంటే చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం, కాగిపోయి ఉంటుంది, చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, నీళ్లు రాకుండా అడ్డం ఉండే రబ్బరు సీలు అంచు పక్క నుంచి నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. చేపల లోడు బళ్లకైతే ఐసు కరిగి కారే నీళ్లు, చెరువు గట్ల బురద, సముద్రం వైపు ఊళ్లలో ఉప్పునీళ్లు కూడా తోడు. ఆ నీళ్లు కలిసిన గ్రీజు తెల్లగా మీగడలా మారిపోతుంది, ఆ తర్వాత రోలర్ల మీద తుప్పు మచ్చలు, దాని తర్వాత హోరు.

అందుకే బేరింగు మార్చడానికి సామాను అనగానే పెద్ద పానాలు, పెద్ద సుత్తి అనుకోకండి. చక్రం ఊడదీయడం ఎవరైనా చేస్తారు. పని నిలబడేది ఇత్తడి కడ్డీ, శుభ్రమైన పళ్లెం, సీలు కూర్చోబెట్టే చెక్క, ఆట, అంటే హబ్బు ఎంత వదులుగా కదులుతుందో కొలిచే డయల్ గేజి, వీటి మీద. నేను మొదటిసారి చేసినప్పుడు ఇవేవీ లేకుండా ఉలితోనే కొత్త కప్పు, అంటే బేరింగు బయటి రింగు, దిగగొట్టాను, అంచున పెచ్చు లేచింది, కొత్త బేరింగు సెట్టు మొత్తం పక్కన పడేశాను. నాకు పని నేర్పిన మేస్త్రీ చూసి ఒకటే మాట అన్నాడు, "ఇనప సుత్తి బేరింగు మొహం చూడకూడదురా అబ్బాయ్" అని.

ముందు మీ బండి ఇంటి దగ్గర చేసుకునే రకమో కాదో చూసుకోండి. ముందు ఇరుసు తిన్నగా ఒకే దూలంలా ఉండి, చక్రాలు వట్టినే తిరిగేవి అయితే, అంటే ఇంజను వెనక చక్రాలనే లాగే మామూలు లారీ, మినీ లారీ అయితే, సాధారణంగా స్టబ్ యాక్సిల్ మీద, అంటే హబ్బు తిరిగే ఇరుసు చివరి మొన మీద, రెండు టేపర్ రోలర్ (ఏటవాలు రోలర్ల) బేరింగులు ఉంటాయి, లోపల పెద్దది, బయట చిన్నది. ఈ రకం పని మనం చేసుకోవచ్చు. ముందు చక్రాలకి కూడా పవర్ వెళ్లే బళ్లకి, బేరింగు హబ్బు కలిసి విప్పడానికి లేని ఒకే ముక్కగా వచ్చే బళ్లకి ఒత్తి దింపే ప్రెస్సు కావాలి, వర్క్‌షాపుకి తీసుకెళ్లిపోండి. బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి అయితే హబ్బు దగ్గర సెన్సరు, దాని వైరు, పళ్ల రింగు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోవాలి, ఒక్క సుత్తి దెబ్బ పక్కకి పడితే అవి పోతాయి.

పోయింది బేరింగేనా అన్నది కూడా తేల్చుకోవాలి. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడ ఆడితే ఇంకొకరిని ఎక్కించి బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగుది, తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్నుది, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరిగే పిన్నుది. ఈ చిన్న పరీక్ష చేయకుండా బేరింగులు మార్చేసి, హోరు పోయింది గానీ స్టీరింగు ఊగుడు పోలేదని తలపట్టుకున్న వాళ్లని నేను చూశాను.

ఇక చోటు సంగతి. మన నేల మెత్తన. కొబ్బరితోటలో, పుంతలో, వాన పడ్డ చేను గట్టు మీద జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగుతుంది. ఒకసారి నాకు అలాగే జరిగింది, పల్లపుతోటలో ఎత్తిన బండి చూస్తుండగానే ఒక పక్కకి నెమ్మదిగా వాలింది, అదృష్టం బాగుండి చక్రం ఇంకా ఊడదీయలేదు. సిమెంటు కళ్లం ఉంటే అంతకంటే మంచి చోటు లేదు, లేదా రైసు మిల్లు వాళ్లని అడిగి వాళ్ల ప్లాటుఫారం మీద ఓ పూట పెట్టుకోండి. మట్టి నేల తప్పదంటే జాకీ కింద అడుగున్నర చదరాన కనీసం 2 అంగుళాల మందం తుమ్మ చెక్క వేయండి. కొబ్బరి దుంగ వద్దు, లోపల బెండులా మెత్తగా ఉంటుంది, బరువు పడితే నలిగి చీలుతుంది. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా ఒక్కసారే పిండి అయిపోతాయి.

ఎత్తడానికి మీ బండి బరువుకి తగ్గ హైడ్రాలిక్ బాటిల్ జాకీ, దానితో పాటు తప్పనిసరిగా ఇనప స్టాండ్లు. ఎత్తడం వరకే జాకీ పని, మోయడానికి స్టాండే ఉండాలి. జాకీ లోపల ఓ చిన్న రబ్బరు వాషరు తెగితే చాలు ఆయిలు జారి బండి కూర్చుండిపోతుంది. ఇరుసు దూలం కింద స్టాండు పెట్టి, జాకీ కాస్త దించి, బరువు స్టాండు మీద పడ్డాక బండిని ఊపి చూడండి. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి, హ్యాండ్ బ్రేకు ఉంది కదా అని ఊరుకోవద్దు. లోడు ఉన్న బండికి ఈ పని పెట్టుకోకండి.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే సడలించుకోవాలి, ఎత్తాక అయితే చక్రం తిరిగిపోతుంది. దీనికి వీల్ పాన, దానికి తొడిగే ఇనప గొట్టం చాలు. ఒక్క మాట, కొన్ని పాత లారీలకి ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరతో ఉంటాయి, మామూలుగా విప్పేవైపు తిప్పితే ఇంకా బిగుస్తాయి. స్టడ్డు చివర ఎల్ అక్షరం గుర్తు ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. గొట్టం వేసి ఎదురు తిప్పి స్టడ్డు విరగ్గొట్టుకున్నాక తెలిసి ప్రయోజనం లేదు.

చక్రం పక్కన పెట్టాక హబ్బు మధ్యలో టోపీ కనిపిస్తుంది. బోల్టులు ఉన్న టోపీ అయితే పాన, దిగగొట్టిన రకం అయితే వెడల్పు స్క్రూ డ్రైవరు చుట్టూ కొంచెం కొంచెంగా పెట్టి లేపాలి, ఒకే చోట లాగితే సొట్టపడి మళ్లీ సరిగ్గా కూర్చోదు, సొట్ట పడిన చోటు నుంచే నీళ్లు దిగుతాయి. లోపల స్ప్లిట్ పిన్ను గానీ, మడతపెట్టిన వాషరు గానీ ఉంటుంది. పిన్నుకి ముక్కు పొడుగు పట్టకారు, వాషరు మడత విప్పడానికి మొద్దు ఉలి. పెద్ద నట్టు దగ్గర మాత్రం మన దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది, ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పడం. రెండుసార్లు అలా చేస్తే నట్టు మూలలు పోతాయి, తర్వాత బిగింపు లెక్క ఎవరికీ అందదు. వెర్నియరు అనే కొలత స్కేలుతో నట్టు ఎదురెదురు పలకల మధ్య దూరం కొలిచి ఆ సైజు బాక్సు పాన కొనుక్కోండి, ఇది ఒక్కసారి కొంటే బండి ఉన్నంత కాలం ఉంటుంది.

హబ్బు డ్రమ్ముతో కలిసి వస్తే బరువు ఎక్కువ, ఒక్కరే లాగొద్దు. ముందు డ్రమ్ముని లోపల నుంచి పట్టి ఆపే బ్రేకు లైనర్లు సడలించుకోవాలి, లేకపోతే డ్రమ్ము రాదు. డ్రమ్ము కిందకి ఎత్తు సరిపోయేలా ఒక పలక పెట్టి దాని మీద కాస్త గ్రీజు పూస్తే హబ్బు దాని మీదుగా తిన్నగా జారి వస్తుంది, స్టబ్ యాక్సిల్ మరకి దెబ్బ తగలదు. బయటి బేరింగు ముందే జారి పడుతుంది, బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకోండి. లోపల ఉన్న లైనర్ల దుమ్ముని నోటితో ఊదకండి, గాలి పైపు పెట్టకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. సబ్బునీళ్లతో తడిపి గుడ్డతో తుడవండి.

ఇప్పుడు అసలు పని. బేరింగు అంటే రెండు ముక్కలు, రోలర్లు ఉండే కోను, హబ్బులో బిగించి ఉండే కప్పు. కోను పోయింది కదా అని కోను ఒక్కటే మార్చి పాత కప్పు ఉంచేస్తుంటారు, పాత కప్పు మీద ఉన్న గీతలు కొత్త రోలర్లని కొద్ది రోజుల్లోనే తినేస్తాయి. రెండూ కలిపే మార్చాలి. కప్పు దించడానికి కావాల్సింది ఇత్తడి కడ్డీ, బొటనవేలంత లావు, అడుగు పొడవు. పాత సామాన్ల కొట్టులో గానీ, లేతు పని చేసేవాళ్ల దగ్గర గానీ దొరుకుతుంది. హబ్బు లోపలికి టార్చి వేసి చూస్తే కప్పు వెనక అంచు కనబడేలా గాట్లు ఉంటాయి, ఆ గాట్లో కడ్డీ పెట్టి ఇటు ఒక దెబ్బ, ఎదురుగా అటు ఒక దెబ్బ, అలా సమానంగా కొడుతూ వస్తే కప్పు నెమ్మదిగా జారుతుంది. ఒకే పక్క కొడితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది, హబ్బు లోపలి గోడని గీకేస్తుంది. గాట్లు లేక అంచు అందకపోతే హబ్బుని వెల్డింగు కొట్టుకి తీసుకెళ్లండి, పాత కప్పు లోపల చుట్టూ ఒక గీత వెల్డింగు వేయిస్తే చల్లారేటప్పుడు కప్పు చిక్కి దానంతట అదే వదులవుతుంది.

కళ్లద్దాలు మర్చిపోవద్దు, ఎండకి పెట్టుకునేవి కాదు, గ్రైండింగు వాళ్లు వాడే పక్కలు మూసి ఉన్నవి. బేరింగు ఉక్కు చాలా గట్టిది, అంతే పెళుసు, ఇనప సుత్తి నేరుగా తగిలితే సూదిలాంటి పెళ్ల ఎగురుతుంది. ఇత్తడి మెత్తన కాబట్టి అది నలుగుతుంది గానీ బేరింగు పగలదు. కోను స్టబ్ యాక్సిల్‌కి పట్టుకుని రాకపోతే రెండు టైరు లివర్లు చెరో పక్క పెట్టి సమానంగా లేపండి. గ్యాసు మంట పెట్టొద్దు, వేడికి స్టబ్ యాక్సిల్ ఉక్కు గట్టిదనం పోతుంది, అది రోడ్డు మీద విరిగితే చక్రం బండిని వదిలేస్తుంది.

కొత్త బేరింగు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్లండి, అంతకంటే ముందు కోను మొహం మీద, కప్పు అంచు మీద చెక్కిన నంబరు తుడిచి సెల్లుతో ఫొటో తీయండి. లోపలి దానికీ బయటి దానికీ నంబర్లు వేరు. ఈ నంబరు చదవడం రావాలి. ఉదాహరణకి 30207 అని ఉందనుకోండి, చివరి 07ని 5తో హెచ్చిస్తే 35, అంటే లోపలి బెజ్జం 35 మి.మీ. బయటి కొలత 72 మి.మీ. ఇప్పుడు 32207 చూడండి, బెజ్జం అదే 35, బయట అదే 72, కానీ మందం మాత్రం 18.25 మి.మీ. బదులు 24.25 మి.మీ. కొట్లో చేతికిచ్చినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, హబ్బులోకి కూడా దూరతాయి, బిగించేటప్పుడు నట్టు మర దగ్గర తేడా వస్తుంది. నాకు ఒక కొట్టులో ఇలాగే ఇచ్చారు, ఇంటికొచ్చి సగం పని అయ్యాక తెలిసి మళ్లీ బస్సెక్కి వెళ్లాల్సి వచ్చింది. కొట్టు దగ్గరే పెట్టె విప్పి, నంబరు సరిచూసుకుని, పాతదాని పక్కన పెట్టి మందం చూసుకోండి. చెక్కిన అక్షరాలు అలికేసినట్టు ఉన్నా, గోటితో గీస్తే చెరిగిపోయే రంగు ముద్ర అయినా తీసుకోవద్దు. బేరింగులతో పాటే సీలు, స్ప్లిట్ పిన్నులు, టోపీకి ప్యాకింగు ఉంటే అది కూడా కొనేయండి, పాతవి మళ్లీ వేయకూడదు.

కొత్త కప్పు దిగడానికి మన ఇళ్లలో ఉన్న మంచి పరికరం ఫ్రిజ్జు. కప్పుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఐసు పెట్టే గదిలో ఉంచండి, హబ్బుని మధ్యాహ్నం ఎండలో పెట్టండి. 72 మి.మీ. ఉక్కు కప్పు 50 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.04 మి.మీ. చిక్కుతుంది, చూడడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ సగం దెబ్బలు తగ్గిపోతాయి. పైన పట్టే చెమ్మ తుడిచి, సన్నగా నూనె రాసి, సన్న అంచు లోపలికి పోకుండా, వెడల్పు మొహం బయటికి ఉండేలా, పాతది ఎలా ఉండేదో చూసుకుని పెట్టండి. దిగగొట్టడానికి పాత కప్పే మంచి పనిముట్టు. దాని బయటి అంచుని గ్రైండరుతో చుట్టూ కాస్త తగ్గించి ఉంచుకుంటే, కొత్తదాని మీద దాన్ని పెట్టి పైన చెక్క వేసి కొట్టొచ్చు, హబ్బులో ఇరుక్కోదు. దిగుతున్నంత సేపు దెబ్బ మెత్తగా "డబ్ డబ్" మంటుంది, అడుగుకి కూర్చోగానే శబ్దం మారి "ఠంగ్" మని హబ్బు మొత్తం మోగుతుంది. ఆ మోత వచ్చాక కూడా సందు కొలిచే ఫీలర్ గేజిలో 0.05 మి.మీ. మందం రేకు కప్పు వెనక ఎక్కడైనా దూరుతుందేమో చుట్టూ చూడండి. దూరిందంటే ఇంకా కూర్చోలేదన్నమాట, లేదా కింద మట్టి రేణువు ఇరుక్కుంది.

శుభ్రం చేయడానికి రెండు పళ్లేలు, కిరసనాయిలు గానీ డీజిలు గానీ, పెయింటు బ్రష్షు, నూలు గుడ్డలు. పోగులు ఊడే కాటన్ వేస్టు ఆఖరి తుడుపుకి వాడకండి. హబ్బు లోపల పాత గ్రీజు ఒక్క వేలెడు కూడా మిగలకూడదు, అందులో పాత బేరింగు రాలిన ఉక్కు పొడి ఉంటుంది. కడిగిన బేరింగుని గాలి పెట్టి గిర్రున తిప్పే సరదా చాలామందికి ఉంటుంది, నూనె, గ్రీజు లేకుండా అంత వేగంగా తిరిగితే రోలర్లు దెబ్బతింటాయి, రోలర్లని పట్టి ఉంచే కేజి విడిపోయి రోలరు ఎగిరి కంట్లో తగలొచ్చు కూడా. గాలి ఎక్కువగా ఉన్న రోజు, పక్కన వరి నూర్పిడి అవుతున్న రోజు ఈ పని పెట్టుకోవద్దు, ఊక దుమ్ము గ్రీజుకి అంటుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

గ్రీజు దగ్గర పిసినారితనం వద్దు. చాసిస్‌కి కొట్టే మామూలు కాల్షియం గ్రీజు నీళ్లకి బాగా ఆగుతుంది, ఆ మాట నిజమే, కానీ 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కరిగి కారిపోతుంది, బ్రేకు డ్రమ్ము పక్కన ఉండే హబ్బుకి అది పనికిరాదు. వీల్ బేరింగుకి అని డబ్బా మీద రాసి ఉన్న లిథియం, లేదా లిథియం కాంప్లెక్స్ గ్రీజు తీసుకోండి, మామూలు లిథియం గ్రీజు కూడా 180 డిగ్రీల దాకా కరగదు. రెండు రకాలు కలపొద్దు, కొన్ని రకాలు కలిస్తే పలచబడి నీళ్లలా అయిపోతాయి. ఎక్కించే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడిగి ఆరాక, ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, కుడి చేత్తో కోను పట్టుకుని దాని వెడల్పు వైపు అంచుని ఆ ముద్ద మీద నొక్కుతూ లాగాలి, అప్పచ్చి మీద బెల్లం పాకం అద్దినట్టు. నాలుగైదుసార్లు నొక్కాక అవతలి అంచున రోలర్ల సందుల్లోంచి గ్రీజు సన్నటి పురుగుల్లా బయటికి వస్తుంది. ఆ పురుగులు వచ్చిన చోటు నిండినట్టు. కోనుని కొంచెం తిప్పి పక్క చోటు, అలా చుట్టూ. పైన పూసినంత మాత్రాన లోపలికి వెళ్లదు. హబ్బు ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా చాలు, గొంతు దాకా కూరితే అది మథనపడి వేడెక్కుతుంది.

సీలు మన ప్రాంతంలో బేరింగు కంటే ముఖ్యం, ఇంత సేపూ చెప్పింది దీని కోసమే. ముందు సీలు అంచు రాసుకునే స్టబ్ యాక్సిల్ భాగాన్ని తుడిచి గోరుతో అడ్డంగా గీయండి. గోరు గాడిలో పడి ఆగితే కొత్త సీలు వేసినా నీళ్లు ఆగవు, అక్కడ విడి రింగు ఉంటే అది మార్చాలి, లేదా ఆ భాగం మీద తొడిగే సన్న ఉక్కు తొడుగు మీ బండికి దొరుకుతుందేమో అడగాలి. ఎమిరీ కాగితంతో తుప్పు మాత్రం తీయొచ్చు, గాడిని తీయలేం. లోపలి బేరింగు ముందు పెట్టి, సీలు స్ప్రింగు ఉన్న వైపు గ్రీజు వైపుకి ఉండేలా పెట్టి, పైన చదునైన చెక్క ముక్క వేసి నిదానంగా తట్టండి. సీలు మీద నేరుగా సుత్తి తగిలిందంటే దాని ఇనప చట్రం వంగుతుంది, వంగిన సీలు మొదటి వానకే నీళ్లు తాగుతుంది. సీలు పెదవికి, అంటే రాసుకునే అంచుకి, గ్రీజు రాయడం మర్చిపోకండి, ఎండు పెదవి మొదటి కిలోమీటరులోనే కాలిపోతుంది.

బిగింపు. హబ్బు ఎక్కించి, బయటి బేరింగు, వాషరు, నట్టు పెట్టాక హబ్బుని చేత్తో తిప్పుతూనే నట్టు బిగించాలి, ఆగి ఉన్న హబ్బుకి బిగిస్తే రోలర్లు సరిగ్గా సర్దుకోవు. గట్టిగా బిగించి రోలర్లు సర్దుకున్నాక పూర్తిగా సడలించి, మళ్లీ తక్కువ బిగింపుతో పట్టించి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పి పిన్ను బెజ్జం కలపాలి. ఎంత బిగింపు, ఎంత వెనక్కి అన్నది మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న లెక్కే, దానికి ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి కావాలి, కొనలేకపోతే ఓ పూటకి తెచ్చుకోండి. కొన్ని బళ్లకి స్టడ్డుకి తాడు కట్టి స్ప్రింగు కాటాతో లాగి ఎన్ని కిలోల దగ్గర హబ్బు కదిలిందో చూడమని ఉంటుంది, అలాంటి కాటా ఊళ్లో ఎవరినో ఒకరిని అడిగితే దొరుకుతుంది.

ఆఖరి కొలత డయల్ గేజితో. అయస్కాంతం స్టాండుని హబ్బుకి అంటించి, గేజి ముల్లు కొన స్టబ్ యాక్సిల్ చివర ఆనేలా పెట్టి, హబ్బుని రెండు చేతులతో లోపలికి నెట్టి ఒక లెక్క, బయటికి లాగి ఒక లెక్క చూడండి. పెద్ద లారీలకి ఆ తేడా 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ఉండాలంటారు. మనం రోజూ రాసే కాగితం మందమే దాదాపు 0.1 మి.మీ., ఇంత చిన్న ఆటని చేత్తో ఊపి చెప్పడం ఎంత అనుభవం ఉన్నా కష్టం. బిగువు ఎక్కువైతే కాలిపోతుంది, ఆట ఎక్కువైతే సీలు అంచు ఊగి నీళ్లు దిగుతాయి. కొత్త స్ప్లిట్ పిన్ను వేసి రెండు కాళ్లూ వంచండి, కట్టు తీగ వేసి సరిపెట్టొద్దు.

చక్రం ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, బ్రేకు లైనర్లు మళ్లీ సెట్ చేసి, ఊళ్లోనే నెమ్మదిగా రెండుసార్లు బ్రేకు పట్టి చూశాక ఖాళీ బండితో ఓ 20 కిలోమీటర్లు తిరిగి రండి. జొన్నాడ వంతెన దాకా వెళ్లి టీ తాగే లోపు రెండు ముందు హబ్బుల మీదా అరచేయి వెనక వైపు ఆనించండి. గోరువెచ్చగా రెండూ ఒకేలా ఉంటే సరి. కొత్తది మాత్రమే చేయి పెట్టలేనంత కాగితే అక్కడే ఆపి, చల్లారాక నట్టు ఒక గాడి వెనక్కి తీసి చూడాలి, అందుకని ఆ రోజు బాక్సు పాన, పట్టకారు, రెండు విడి స్ప్లిట్ పిన్నులు బండిలోనే ఉంచుకోండి. చక్రం నట్లు మర్నాడు లోడు ఎత్తే ముందు ఇంకోసారి బిగించండి. బండి కడగడానికి కాలవలోకి దింపే ముందు మాత్రం హబ్బు మీద చేయి వేసి, పూర్తిగా చల్లారిందనిపించాకే దింపండి.